చీకటి గదిలో వీడియో ఆర్ట్ చూడాలంటే

గ్యాలరీలో వీడియో ఇన్‌స్టలేషన్ (గదంతా తెరలు, శబ్దంతో అమర్చిన వీడియో కళాకృతి) ఉన్న గదిలోకి వెళ్లే ముందు బయట గోడమీదున్న చిన్న లేబుల్ చదవండి. నిడివి సాధారణంగా అక్కడే రాసి ఉంటుంది. గంట దాటేదైతే బాత్రూం పని ముందే కానిచ్చేయండి.

లోపలికి వెళ్లగానే ముందుకు నడవకండి. తలుపు పక్కకు తప్పుకొని ఒకటి రెండు నిమిషాలు ఆగితే కళ్లు చీకటికి అలవాటుపడి, నేలమీద కూర్చున్నవాళ్లు కనిపిస్తారు. నేనోసారి తొందరపడి ఒకావిడ కాలు తొక్కేశాను.

తెరలు చాలా ఉంటే అన్నిటినీ ఒకేసారి చూడబోతే మెడనొప్పే మిగులుతుంది. ఐస్‌లాండ్ కళాకారుడు రాగ్నర్ క్యార్టన్‌సన్ 2012లో చేసిన ‘ది విజిటర్స్’నే తీసుకోండి. 9 తెరలు, 64 నిమిషాలు. ఒక పాత భవనంలో వేర్వేరు గదుల్లో కూర్చున్న సంగీతకారులు ఒకే పాట వాయిస్తుంటారు. ఆయనేమో నీళ్లతొట్టిలో పడుకుని గిటార్ వాయిస్తుంటాడు! పియానో తెర దగ్గరికెళ్తే పియానో, ఇంకో తెర దగ్గరికెళ్తే ఇంకో వాద్యం పెద్దగా వినిపిస్తాయి. అందుకే ఇలాంటివాటికి కాసేపు మధ్యలో నిలబడి, తర్వాత ఒక్కో తెర దగ్గరికీ నెమ్మదిగా నడవండి.

మధ్యలో వెళ్లామని టెన్షన్ వద్దు, చాలావరకు లూప్‌లోనే, అంటే అయిపోగానే మళ్లీ మొదటినుంచి, నడుస్తాయి. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి, ఆ వెలుగు వెనకవాళ్ల కళ్లలో పడుతుంది.