కీబోర్డు మీద క్యూబా – 5వ పాఠం: క్లావే మీద జాజ్ కార్డులు

పోయిన పాఠంలో ఇచ్చిన క్లావే (క్యూబా పాటకి ఆధారంగా తిరుగుతూ ఉండే ఐదు దెబ్బల వరస) చప్పట్లు ఇంకా చేతికి పట్టకపోతే ముందు వాటి సంగతి చూడండి. మృదంగం పరిచయం ఉన్నవాళ్లకు దగ్గరి దారి ఒకటుంది: తకిట – తకిట – తకధిమి – తక – తకధిమి. ప్రతి ముక్కలో మొదటి అక్షరానికి చప్పట్టు. 16 మాత్రలు, 5 దెబ్బలు. ఇది 3-2 సోన్ క్లావే: మొదటి సగంలో 3 దెబ్బలు, రెండో సగంలో 2.

ఇవాళ వరస తిప్పుతున్నాం, 2-3. బార్‌కి 8 మాత్రలు అనుకుంటే మొదటి బార్‌లో 3, 5 మీద, రెండో బార్‌లో 1, 4, 7 మీద దెబ్బ పడుతుంది. పాట మధ్యలో ఈ వరస మారకూడదు. కార్డులు (కలిపి పలికే స్వరాల గుంపులు) ఎన్నైనా మార్చుకోండి, దీని జోలికి మాత్రం పోకండి.

కార్డులు జాజ్‌లో రోజూ వినిపించేవే: డి మైనర్ సెవెన్ ఒక బార్, జి సెవెన్ ఒక బార్, సి మేజర్ సెవెన్ రెండు బార్లు.

ముందు ఎడమ చేయి. ఈ బేస్ (కింది స్వరాల) నడకని తుంబావో అంటారు. ప్రతి బార్‌లో 4, 7 మాత్రల మీదే వాయించాలి. 7 మీద వాయించేది ఈ బార్ కార్డు స్వరం కాదు, వచ్చే బార్ కార్డు మూలస్వరం. దాన్ని అలాగే పట్టి ఉంచాలి. అంటే 1 మీద వేలు కదలదు. స్వరాలు ఇవి: ఎ, జి | డి, సి | జి, సి | జి, డి. మొదటిసారి ఎత్తుకునేటప్పుడు మాత్రం 1 మీద డి వేసుకోండి. రెండు రోజులు ఇదొక్కటే చేసినా నష్టం లేదు. బీట్ ఖాళీగా పోతోందని టెన్షన్ పడి 1 మీద నొక్కారో, డాన్స్ అక్కడే ఆగిపోతుంది. ఈ తరహా బేస్‌కి పెద్ద పేరు కచావో. హవానా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాలో ఏళ్ల తరబడి డబుల్ బేస్ వాయించిన ఈయనే దాన్సోన్ డాన్స్ బ్యాండ్‌లోనూ వాయించాడు. పాశ్చాత్య శాస్త్రీయం ఒక గదిలో, డాన్స్ ఇంకో గదిలో అన్న విభజన ఆ ఊళ్లో అంత గట్టిగా లేదు.

ఇక కుడి చేయి. ఇది పదే పదే తిప్పి వాయించే వరస, పేరు మోంతూనో. దెబ్బలు పడే మాత్రలు ఇవి. మొదటి బార్‌లో 1, 3, 4, 6, 8. రెండో బార్‌లో 2, 4, 6, 8. మూడు, నాలుగు బార్లలో మళ్లీ ఇదే. క్లావేలో రెండు దెబ్బల వైపు మోంతూనో నేల మీద నిలబడి మొదలవుతుంది, మూడు దెబ్బల వైపు మొత్తం ఎదురు (సరి సంఖ్య మాత్రల) మీదే నడుస్తుంది. తలకిందులుగా వేస్తే క్యూబా వాళ్లు వెంటనే ముఖం చిట్లిస్తారు.

స్వరాలు రెండే చాలు: కింద ఎఫ్, పైన సి. జి సెవెన్ రాగానే సి ఒక అరమెట్టు దిగి బి అవుతుంది, ఎఫ్ కదలదు. సి మేజర్ రాగానే ఎఫ్ దిగి ఇ అవుతుంది, బి కదలదు. కార్డులోని ఏడో స్వరం మెట్టు దిగి తీరాలన్నది బాఖ్ నాటి శాస్త్రీయ నియమం. జాజ్ వాళ్లు గైడ్ టోన్స్ అని చెప్పేదీ ఈ దిగడమే. నాకు తెలిసినంతలో శాస్త్రీయాన్ని, జాజ్‌ని, క్యూబాని కలపడం అంటే ఇదే, షోపాన్ పియానో వెనకాల కాంగా డ్రమ్ పెట్టడం కాదు.

ఒక సూక్ష్మం. మార్పు ఎడమ చేతికి 7 మీద, కుడి చేతికి 8 మీద వస్తుంది. అందుకని మొదటి బార్ 8 మీదే బి వినపడాలి, రెండో బార్ 8 మీదే ఇ. నాలుగో బార్ 8 మీద మళ్లీ ఎఫ్, సి. మాత్రలన్నీ సమానంగా ఉండాలి. జాజ్ అలవాటు ఉన్నవాళ్లు స్వింగ్ కోసం సాగదీస్తారు, ఇక్కడ ఆ పని వద్దు.

వినడానికి అమెరికా జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు డిజ్జీ గిలెస్పీ బృందం 1947లో రికార్డు చేసిన ‘మాంతేకా’ పెట్టుకోండి. నొటేషన్ చదవడం రాని హవానా డ్రమ్మర్ చానో పోసో అందులో ఒక్కో వాయిద్యం వాయించాల్సింది నోటితో పాడి వినిపించాడు. దానికి బ్రిడ్జ్ (పాట మధ్యలో వేరుగా వచ్చే భాగం) గిలెస్పీ రాశాడు. ఎవరి పని ఎక్కడ ఆగి ఎవరిది మొదలైందో చెవితో పట్టుకోండి.

ఈ వారం మెట్రోనోమ్ 60 దగ్గర పెట్టి ఎడమ చేతితో తుంబావో వాయిస్తూ నోటితో క్లావే దెబ్బలు చెప్పండి. ఆ తర్వాతే కుడి చేయి కలపండి. 90 దాకా తడబడకుండా వెళ్లగలిగితే 6వ పాఠంలో ఎఫ్ మైనర్‌కి మారదాం.