నలభై దాటాక పడని తిండి: "ఇంకోసారి తిని చూద్దాం" అనుకోకండి

ఏప్రిల్ 15న మొదలైన చేపల వేట నిషేధం జూన్ 14తో ముగుస్తుంది. ఆ మర్నాటి నుంచి శ్రీకాకుళం జిల్లాలోని భావనపాడు, కళింగపట్నం, బారువ తీరాల్లోనూ, విజయనగరం వైపు చింతపల్లి, ముక్కాం తీరాల్లోనూ పడవలు సముద్రంలోకి వెళతాయి, రెండు నెలలుగా ఎదురుచూసిన పచ్చి రొయ్యలు సంతలకు వస్తాయి. సరిగ్గా ఈ రోజుల్లోనే, యాభై దాటిన మా బంధువు ఒకాయన రొయ్యల కూర తిన్న అరగంటలోపే స్పృహ తప్పి పడిపోయారు. అంతకు కొద్ది రోజుల ముందు అదే కూర తిన్న రాత్రి ఆయనకు పెదాలు దురద పెట్టాయి, పొట్ట మీద దద్దుర్లు లేచాయి. వేడి చేసిందనుకుని మజ్జిగ తాగి, ఒక సెట్రిజిన్ మాత్ర వేసుకుని పడుకున్నారు. తెల్లారేసరికి తగ్గిపోయింది. ఆ తర్వాత అనుమానం తీర్చుకుందామని మళ్లీ వండించుకున్నారు. భార్య వద్దంటే, "నలభై ఏళ్ల నుంచీ తింటన్నాను, ఇప్పుడు కొత్తగా ఏటవుతాది?" అన్నారట. నాలుగు ముద్దలు తిన్నాక కడుపులో తిప్పుతోందని లేచి పెరట్లోకి నడిచారు, నూతి దగ్గర కూలిపోయారు. సమయానికి అడ్రినలిన్ ఇంజెక్షన్ అందబట్టి బతికారు.

రొయ్యలు మానమని అందరికీ చెప్పడం నా ఉద్దేశం కాదు. తాజావి కొనండి, శుభ్రంగా వండండి వంటి మాటలు మీకు తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఒక్క తప్పు గురించి: ఒకసారి ఒళ్లు హెచ్చరించిన తర్వాత, అదే పదార్థాన్ని ఇంట్లో మళ్లీ తిని పరీక్షించుకోవడం. ఆసుపత్రి దాకా వెళ్లినవారిలో నేను ఎక్కువగా చూసినది ఈ తప్పునే.

అలర్జీ ఎలా వస్తుంది

ఆహార అలర్జీ చిన్నపిల్లలకే వస్తుందన్న నమ్మకం మనలో బలంగా ఉంది. నిజానికి పెద్దవయసులో కొత్తగా పుట్టే ఆహార అలర్జీల్లో రొయ్యలు, పీతల వంటి పెంకు జీవుల వల్ల వచ్చేవి ముందు వరుసలో ఉంటాయి. రొయ్య కండలో ఉండే ట్రోపోమయోసిన్ అనే ప్రోటీనును శరీరం ఏదో ఒకనాడు శత్రువుగా ఎంచి, దానికి ఎదురుగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. ఇలాంటి ప్రోటీనే ఇంటి దుమ్ములోని పురుగుల్లోనూ బొద్దింకల్లోనూ ఉంటుంది కాబట్టి, ఏళ్ల తరబడి దుమ్ముకు తుమ్ములూ ఆయాసమూ వచ్చేవారిలో కొందరికి రొయ్యలు కూడా పడకుండా పోతాయి. ఈ ప్రోటీను ఉడికించినా, వేయించినా, ఎండబెట్టినా నశించదు. అందుచేత "బాగా ఉడికించి తిన్నాను కదా" అన్న మాటకు అర్థం లేదు.

మొదటిసారి దద్దుర్లతో పోయింది కాబట్టి రెండోసారీ దద్దుర్లతోనే పోతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. తిన్న పరిమాణం, ఆనాటి జ్వరం, తిన్న వెంటనే పడ్డ శ్రమ, మద్యం, నొప్పి మాత్రలు, ఇవన్నీ అలర్జీ తీవ్రతను పెంచగలవు. మోకాళ్ల నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేసుకుని పొలం పనికి పోయేవారు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. మూత్రపిండాలు దెబ్బతింటాయని ఉద్దానంలో డాక్టర్లు ఈ మాత్రలను ఎలాగూ వద్దంటున్నారు, వాటికి దూరంగా ఉండడానికి ఇది మరో కారణం. నిరుడు తిన్నప్పుడు ఏమీ కాని రొయ్య ఈ ఏడు ప్రాణం మీదికి తేవచ్చు. కాబట్టి మళ్లీ తిని చూడకండి.

అలర్జీ కానివి కొన్ని

పాలు తాగితే కడుపు ఉబ్బరమూ విరేచనాలూ రావడం అలర్జీ కాదు. వయసుతో పాటు పాలలోని చక్కెరను అరిగించే ఎంజైము తగ్గడం దానికి కారణం. ఇబ్బందే తప్ప ప్రాణభయం లేదు, పెరుగు చాలామందికి పడుతుంది కూడా.

కానాగంతలు తిన్న ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి ముఖం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు వచ్చాయంటే, అది చాలావరకు ఐసు లేకుండా ఎండలో ఉన్న చేపలో పుట్టిన హిస్టమిన్ అనే రసాయనం పనే. వండితే అది పోదు. ఒక్కరికే వచ్చి, తక్కినవారికి ఏమీ కాకపోతే అలర్జీని అనుమానించాలి.

పలాస, కాశీబుగ్గల్లో జీడిగింజలు కొట్టేవారి చేతులు పొక్కేది పెంకులోని నూనె వల్ల. అంతమాత్రాన జీడిపప్పు పడదని కాదు. కానీ జీడిపప్పు తిన్నాక గొంతు దురద పెడితే అది వేరే సంగతి. కూరల్లో చిక్కదనానికి నూరి పోసే జీడిపప్పు ముద్ద కంటికి కనబడదు, అలర్జీ ఉన్నవారికి ప్రమాదం రావడానికి కొంచెమైనా చాలు. జీడిపప్పు పడనివారికి పిస్తా కూడా చాలాసార్లు పడదు.

ఇక బీపీ మాత్రల సంగతి. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటివి వాడేవారిలో కొందరికి దద్దుర్లేమీ లేకుండానే పెదాలు, నాలుక వాచిపోతాయి. ఏళ్ల తరబడి వాడాక కూడా ఇలా రావచ్చు. ఆ రోజు తిన్న వంకాయను నిందిస్తూ అదే మాత్ర కొనసాగించడం ప్రమాదం. నాలుక వాస్తే అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి, మాత్ర పేరు చెప్పాలి. అటెనలాల్, మెటోప్రొలాల్ వాడేవారికి అలర్జీ వస్తే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు కాబట్టి వారూ ఆ సంగతి ముందే చెప్పాలి. సొంతంగా మాత్రలు మానేయకండి.

ఇకపై చెప్పేవి ఒకదాని వెంట ఒకటి గుర్తుపెట్టుకోండి.

మొదటిసారి దద్దుర్లు వచ్చిన రోజునే ఏం తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో, ఎంతసేపటికి మొదలైందో, ఆ రోజు ఏ మాత్రలు వేసుకున్నారో కాగితం మీద రాయండి. దద్దుర్లను ఫోనులో ఫొటో తీయండి, డాక్టరును కలిసేనాటికి అవి ఉండవు.

డాక్టరు తేల్చేవరకు ఆ పదార్థాన్ని పూర్తిగా మానండి. రొయ్యలు మానడమంటే గోంగూరలోనూ బీరకాయలోనూ వేసే రొయ్యపొట్టు కూడా మానడమే. రొయ్యలు వేయించిన నూనెలో వేయించిన చేప ముక్క కూడా వద్దు. కొందరికి ఉడుకుతున్న రొయ్యల ఆవిరికే ఆయాసం వస్తుంది, వారు వంటగదిలో ఉండకూడదు.

ఐజీజీ పరీక్ష పేరుతో వందల పదార్థాల జాబితా ఇచ్చే ప్యాకేజీలకు డబ్బు పోయకండి. అవి అలర్జీని చెప్పవు. చర్మపరీక్ష, ఐజీఈ రక్తపరీక్ష సరైనవి, వాటిని కూడా మీరు రాసిన కాగితంతో కలిపి చూస్తేనే అర్థముంటుంది.

తిని చూసే పరీక్ష ఒకటి నిజంగానే ఉంది. అది ఆసుపత్రిలో, ఇంజెక్షను సిద్ధంగా పెట్టుకుని, డాక్టరు ఎదుట మాత్రమే చేస్తారు. ఇంట్లో చేయకండి. "ఒక్క ముక్కే" అని కూడా చేయకండి. ముందుగా సెట్రిజిన్ వేసుకుని అసలే చేయకండి, ఆ మాత్ర దురదను కప్పిపెడుతుందే కానీ ఊపిరాడకపోవడాన్ని ఆపలేదు.

గొంతు బొంగురుపోయినా, ఆయాసం వచ్చినా, కళ్లు తిరిగినా, దద్దుర్లతో పాటు వాంతులైనా వెంటనే 108కి ఫోన్ చేయండి. తిన్నది పడలేదని, అలర్జీ అని ఫోనులోనే చెప్పండి.

మనిషిని నిలబెట్టకండి, నడిపించకండి, బాత్రూముకు కూడా పంపకండి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తుగా పెట్టండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. వాంతులవుతుంటే పక్కకు తిప్పండి. లేచి నడిచినప్పుడు రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, మా బంధువు కూలిపోయింది అప్పుడే.

దిష్టి తీయడానికి, విభూతి పెట్టడానికి, పసరు తాగించడానికి సమయం పోగొట్టకండి.

మోటారుసైకిలు మీద మధ్యలో కూర్చోబెట్టి తీసుకెళ్లకండి.

మందు అడ్రినలిన్. దాన్ని తొడ బయటి వైపు కండరంలోకి ఇస్తారు. దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రాత్రిపూట ఎవరుంటారో, ఆ ఇంజెక్షను ఉందో లేదో పగలే వెళ్లి కనుక్కోండి.

ఇంజెక్షనుతో తేరుకున్నారని వెంటనే ఇంటికి తెచ్చేయకండి. కొన్ని గంటల తర్వాత అదంతా మళ్లీ మొదలు కావచ్చు, డాక్టరు ఉండమన్నంతసేపు ఉండండి.

పెళ్లిళ్లలో, సంబరాల్లో వడ్డించేవారిని కాదు, వంటమేస్త్రిని అడగండి. ఆయనకు తెలియదంటే ఆ కూర వేయించుకోకండి. బంధువులు ఎంత బలవంతపెట్టినా, నొచ్చుకున్నా, రుచి చూడడానికైనా నోట పెట్టకండి.