పి0016 వచ్చిందా? సెన్సర్ కొనేముందు డిప్‌స్టిక్ లాగండి

చెక్ ఇంజన్ లైట్ వెలిగింది, స్కానర్ పెడితే పి0016 అనే ఫాల్ట్ కోడ్, మెకానిక్ చూడగానే "క్యామ్ సెన్సర్ పోయింది సార్" అన్నాడు. నేనూ సరే అని క్యామ్‌ది, క్రాంక్‌ది రెండు సెన్సర్లూ మార్పించా, మూడోరోజు పొద్దున్నే మళ్లీ అదే లైట్.

అసలు ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పట్లేదు. పిస్టన్లు తిప్పే క్రాంక్ షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్ట్ ఒక చుట్టు తిరగాలి, రెండిటి సిగ్నళ్లూ ఎక్కడ కలవాలో ఈసీయూకి, అంటే ఇంజన్ కంప్యూటర్‌కి, లెక్క ఉంటుంది, అక్కడ కలవట్లేదంటోంది, అంతే. సిగ్నలే సరిగ్గా రాకపోతే క్రాంక్‌కి పి0335, క్యామ్‌కి పి0340 పడతాయి, అప్పుడు ముందు వైరింగ్, కనెక్టర్ చూడాలి. పి0011 అంటే ఇన్‌టేక్ క్యామ్ మరీ ముందుకెళ్లింది, పి0012 అంటే వెనకబడింది, ఈ రెండిట్లో నా అనుమానం ముందు ఆయిల్ మీదకే పోతుంది.

కోడ్ చెరిపేయకండి, ముందు స్కానర్‌లో కనిపించే ఫ్రీజ్ ఫ్రేమ్ ఫోటో తీసుకోండి, లైట్ పడినప్పుడు ఆర్‌పీఎం ఎంత, ఇంజన్ వేడి ఎంత అన్నీ అందులో ఉంటాయి. తర్వాత ఇంజన్ ఆయిల్ ఎంతుందో చూసే డిప్‌స్టిక్. చాలా బళ్లలో వీవీటీ (వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని మార్చే ఏర్పాటు) నడిచేదే ఆయిల్ ప్రెషర్ మీద కదా, నా బండిలో ఆయిల్ కింద గీతకి కూడా అందలేదు, వేళ్ల మధ్య రుద్దితే కాటుకే.

తర్వాత వీవీటీ సోలనాయిడ్ వాల్వ్, అంటే వీవీటీకి వెళ్లే ఆయిల్‌ని కరెంటుతో నియంత్రించే వాల్వ్. రెండు వైర్ల కనెక్టర్ ఉంటుంది, చాలా బళ్లలో ఒకే బోల్టు, విప్పి లాగితే వచ్చేస్తుంది. దానికున్న సన్న జాలీలో మడ్డి పేరుకుంటే అక్కడే దొరికిపోతుంది, క్లీనర్ కొట్టి, బయటే పెట్టి ఒక్క క్షణం 12 వోల్టులు ఇవ్వండి, టక్కుమని కదలాలి. కదలకపోతే మార్చేయడమే.

నాకు ఇది శుభ్రం చేసి ఆయిల్, ఫిల్టర్ మార్చినా పి0016 పోలేదు. అప్పుడు గుర్తొచ్చింది, పొద్దున్న స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గరగరమనేది, నేనే పట్టించుకోలేదు. కవర్ తీస్తే, క్రాంక్‌ని క్యామ్‌తో కలిపే టైమింగ్ చైన్‌ని బిగువుగా ఉంచే టెన్షనర్ చివరిదాకా బయటికొచ్చేసి ఉంది, చైన్ సాగిపోయింది. కోడ్‌తో పాటు ఇలాంటి సౌండ్ కూడా ఉంటే నడపకండి, టోయింగ్ పిలవండి, ఎందుకంటే చైన్ పళ్లు దాటితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి, ఇక హెడ్ (వాల్వులుండే ఇంజన్ పైభాగం) దించాల్సిందే.

చైన్ మార్చాక కొన్ని బళ్లకి స్కానర్‌తో రీలెర్న్ (కొత్త టైమింగ్‌ని ఈసీయూకి మళ్లీ నేర్పించడం) కూడా చేయాలి, మీ బండికి అవసరమో లేదో డబ్బులిచ్చేముందే అడగండి.