గోరంత గ్రీకు వెండి నాణెం ఏ ఊరిదో గుర్తించడం ఎలా?

చెన్నైలో పాత నాణేలు సేకరించే మనవాళ్ల చేతికి ఎప్పుడైనా గోరంత వెండి నాణెం వస్తే, దానిమీద ఉన్న బొమ్మ ఎవరిదని ఆరా తీయడం సహజమే కానీ, ప్రాచీన గ్రీకు చిల్లర విషయంలో ముందుగా తేలవలసింది బరువు. దయచేసి చింతపండుతోగాని, పళ్లపొడితోగాని తోమకండి. శతాబ్దాలు మట్టిలో ఉన్న వెండి పెళుసెక్కి, వేళ్ల మధ్యే విరిగిపోవచ్చు.

షావుకారుపేట వెండి కొట్లలో వాడే, గ్రాములో నూరో వంతు చూపే కాటా ఇందుకు సరిపోతుంది. ఏథెన్స్ తూకంలో ద్రాక్మా అనే వెండి నాణెం సుమారు 4.3 గ్రాములు. అందులో ఆరో వంతు ఓబోల్, అంటే 0.72 గ్రాములు; అర ఓబోల్ 0.36 గ్రాములు, టెటార్టెమోరియన్ అనే పావు ఓబోల్ 0.18 గ్రాములు మాత్రమే. ఇంత చిన్న డబ్బును ఏథెన్స్ జనం బుగ్గన పెట్టుకుని బజారుకు వెళ్లేవారని ఆనాటి గ్రీకు హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ నాటకాల వల్ల తెలుస్తోంది. ఏజినా ద్వీపపు ఓబోల్ మాత్రం దాదాపు ఒక గ్రాము ఉంటుంది. అరిగిన నాణెం తక్కువ తూగుతుంది కనుక, 0.66 గ్రాములు చూపినదాన్ని కూడా ఏథెన్స్ తూకపు ఓబోల్ కావచ్చుననే పరిశీలించాలి.

తర్వాత బొరుసు తిప్పి, భూతద్దంతో చూడండి. నాకు అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది ఈ వైపే. లోతుగా దిగిన చదరపు గుంట ఉంటే నాణెం చాలావరకు క్రీ.పూ. 6వ, 5వ శతాబ్దాలకు చెందినదై ఉంటుంది. ఆ గుంటలో ఏముందన్నదే ఊరి ఆచూకీ ఇస్తుంది. గుడ్లగూబ, పక్కన ఆలివ్ రెమ్మ ఉంటే ఏథెన్స్. నక్షత్రంలాంటి పువ్వు ఉండి, బొమ్మవైపు సింహం ఉంటే నేటి టర్కీ తీరంలోని మిలేటస్. సింహం తల ఉండి, బొమ్మవైపు అడవిపంది ముందుభాగం, దాని వెనుక నిలువుగా ట్యూనా చేప కనిపిస్తే సిజికస్. మర్మరా సముద్రతీరంలోని ఆ నగరానికి ట్యూనాయే గుర్తు. పంది అరిగిపోయినా చేప మిగిలి ఉంటే చాలు. గుంట లేకుండా, బండిచక్రం ఆకుల (కమ్మీల) మధ్య రెండు గ్రీకు అక్షరాలు, ము (Μ), ఆల్ఫా (Α), కనిపిస్తే అది నేటి ఫ్రాన్సులోని మార్సెయ్‌ది, అంటే నాటి మస్సాలియాది.

మన నగరంలో ఒక పొరపాటు జరిగే అవకాశం ఉంది. ఈస్టిండియా కంపెనీ మద్రాసులో వేయించిన వెండి పణం కూడా చిన్నదే, దానిమీదా దేవుడి బొమ్మ ఉంటుంది. కానీ బొరుసున ఒకదానిలో ఒకటి చిక్కుకున్న రెండు ఇంగ్లీషు సీ అక్షరాలు ఉంటాయి.

ఇక అంచు చూడాలి. గ్రీకు నాణేలను వెండిముద్దను అచ్చుల మధ్య ఉంచి సుత్తితో కొట్టి చేసేవారు. అందుకే అంచు వంకరగా, ఒక్కోసారి చీలికలతో ఉంటుంది, బొమ్మ ఒక పక్కకు జరిగి సగమే పడుతుంది. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలంపై బుడగల గుంటలు కనిపిస్తే, అది పోతపోసిన నకలని అనుమానించి, బరువు, వ్యాసం, రెండువైపుల ఫొటోలతో అనుభవజ్ఞుడికి చూపించేవరకు కొనకండి.