పాత కారుకి టచప్ పెయింట్ షేడ్ కుదర్చడం ఎలా

రాయి తగిలి పెచ్చు లేచిన చోట పెయింట్ అద్దడం ఎవరైనా చేయగలరు. షేడ్ కలవడమే కష్టం. ఫ్యాక్టరీ కోడ్ (కంపెనీ ఆ రంగుకి పెట్టిన గుర్తు) ప్రకారం కలిపిన రంగు, కారు కొత్తగా ఉన్న రోజుకి సరిపోతుంది. నలభై యాభై ఏళ్లు ఎండా వానా తిన్న బాడీకి అదే రంగు అద్దితే మచ్చలా కనబడుతుంది. కోడ్‌తో మొదలుపెట్టినా, చివరికి రంగు కలవాల్సింది మీ ముందున్న బాడీ రేకుతోనే.

ముందు కోడ్ సంగతి. దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కో చోట పెట్టింది. జనరల్ మోటార్స్ కార్లలో బానెట్ ఎత్తితే ఇంజిన్ వెనక గోడకి రివెట్లు కొట్టిన చిన్న రేకు ఉంటుంది. క్రైస్లర్ కార్లలో ఎడమ ఫెండర్ లోపలి అంచున, 1960ల ఫోర్డ్ మస్టాంగ్‌లో డ్రైవర్ తలుపు అంచున, పాత బెంజ్ కార్లలో చాలావాటికి రేడియేటర్ పైనున్న అడ్డపట్టీ మీద చూడాలి. రేకు మీద ఛాసిస్ లేదా బాడీ నంబర్, సీటు క్లాత్ కోడ్, మోడల్ కోడ్ అన్నీ కలిసే ఉంటాయి కాబట్టి ఏది పెయింట్‌దో ఆ సంవత్సరం మాన్యువల్ పెట్టుకుని చదవాలి. జనరల్ మోటార్స్ వాళ్ల 1969 కమారో రేకు మీద 72 అని రెండుసార్లు ఉంటే కింద బాడీ, పైకప్పు రెండూ హగ్గర్ ఆరెంజ్ అని. రెండో 72 బదులు ఇంగ్లిష్ అక్షరం ఉంటే పైన వినైల్ టాప్ (రెక్సిన్ లాంటి తొడుగు) ఉండేదన్నమాట.

రంగు పేరుని పట్టుకుని షాపుకి వెళ్లొద్దు. క్రైస్లర్ కంపెనీలో ఈవీ2 అనే కోడ్ ఉన్న ఒకే రంగుని డాడ్జ్ వాళ్లు హెమీ ఆరెంజ్ అన్నారు, ప్లిమత్ వాళ్లు టార్-రెడ్ అన్నారు. కోడ్ ఒక్కటే చెప్పినా చాలదు, సంవత్సరం కూడా చెప్పాలి. ఒకే అక్షరం వేర్వేరు ఏళ్లలో వేర్వేరు రంగులకి వాడిన కంపెనీలున్నాయి, ఫోర్డ్ వాటిలో ఒకటి. ఫోక్స్‌వ్యాగన్ ఎల్ 41 నలుపు, బెంజ్ డీబీ 040 నలుపు లాంటివి మాత్రం సూటిగా దొరుకుతాయి. జాగ్వార్ ఈ-టైప్ లాంటి కార్లలో రేకు మీద రంగు రాయలేదు. వాటికి జాగ్వార్ డైమ్లర్ హెరిటేజ్ ట్రస్ట్ తన రికార్డుల నుంచి ఇచ్చే సర్టిఫికెట్‌లో అసలు రంగు ఉంటుంది. డిట్జ్లర్ అనే పెయింట్ బ్రాండ్ పాత షేడ్ పుస్తకంలోని నంబర్ దొరికితే ఇంకా మేలు, పెయింట్ కలిపేవాళ్లు దాన్నుంచి ఫార్ములా తీయగలరు. ఫోన్ తెరమీద కనబడే రంగు నమూనా మాత్రం దేనికీ పనికిరాదు.

కోడ్ దొరికాక, కారు మీద ఇప్పుడున్నది ఆ రంగేనా అన్నది తేల్చుకోవాలి. మధ్యలో ఎప్పుడో ఒకసారి పూర్తిగా పెయింట్ చేయించని పాత కారు అరుదు. తలుపు రబ్బరు బీడింగ్ ఒకచోట మెల్లగా పైకి లాగి కింద చూడండి. డిక్కీలో మ్యాట్ కింద, డ్యాష్‌బోర్డ్ వెనక, ఊడదీయగలిగితే బ్యాడ్జి కింద చూడండి. అక్కడొక రంగు, బయటొకటి ఉంటే ఫ్యాక్టరీ కోడ్ పక్కనబెట్టి బయటి రంగుని కొలిపించుకోవడం ఒక్కటే దారి.

ఆ తర్వాతది చాలామంది వదిలేసే పరీక్ష: ఉన్న పెయింట్ ఏ రకం? తెల్ల కాటన్ గుడ్డకి ఎన్‌సీ థిన్నర్ కొద్దిగా తడిపి, బయటికి కనబడని చోట పది పదిహేను సెకన్లు రుద్దండి. రంగు తేలిగ్గా కరిగి గుడ్డకి అంటితే లాకర్. మెత్తబడి ముడతలు పడితే ఎనామెల్. ఏమీ కాకపోతే హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపి వేసిన టూ-కే పెయింట్. క్లియర్ కోట్ (రంగు మీద వేసే రంగులేని మెరుపు పొర) ఉందో లేదో తెలియాలంటే పాలిష్ రుద్దితే చాలు. గుడ్డకి రంగు వస్తే క్లియర్ లేదు, రాకపోతే పైన క్లియర్ ఉన్నట్టే. ఈ పరీక్ష ఎందుకంటే, ఎనామెల్ మీద లాకర్ వేస్తే అందులోని ఘాటు థిన్నర్ కింది పొరని లేపేస్తుంది. చిన్న పెచ్చు కాస్తా అరచేతంత ముడత అవుతుంది.

షేడ్ కొలిచేముందు బాడీ రేకుని షాంపూతో కడిగి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడిచి, అరచేతంత జాగాని రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టాలి. పాత ఎరుపు రంగు పాలిపోయిందనుకుంటాం గానీ, చాలాసార్లు అది పైన పట్టిన సుద్దలాంటి పొర మాత్రమే. పాలిష్‌కి పోతుంది. పోకుండా మిగిలిందే నిజంగా వెలిసిన రంగు. తెల్ల లాకర్ అయితే వెలవదు, పసుపు తిరుగుతుంది. అందుకే ఫార్ములా ప్రకారం కలిపిన తెలుపు పాత కారు మీద నీలంగా, చల్లగా కనబడుతుంది.

స్పెక్ట్రోఫొటోమీటర్ (రంగు కొలిచే మెషీన్) ఉన్న షాపుకి కారునే తీసుకెళ్లండి, లేదా పెట్రోల్ మూత తలుపు ఊడదీసి ఇవ్వండి. రీడింగ్ చదునైన చోటే తీయాలి, వంపు మీద తీస్తే తప్పుతుంది. మూడు చోట్ల తీయమని అడగండి. లోహపు రేణువులు కలిపిన మెటాలిక్ రంగుకి పలు కోణాల్లో చదివే మెషీన్ ఉండి తీరాలి. మెషీన్ ఇచ్చేది దాని లెక్కలో ఉన్న దగ్గరి ఫార్ములా మాత్రమే, అక్కణ్నుంచి చేతితో, కంటితో సరిచేసే మనిషి కావాలి. మంచి మెషీన్ ఉన్న షాపు కంటే మంచి కన్నున్న కలిపేవాడున్న షాపే నయం.

పరిమాణం విషయంలో పీనాసితనం పనికిరాదు. వాడేది 20 మిల్లీలీటర్లే అయినా కనీసం 250 కలిపించండి. ఫార్ములాలో నల్ల టింటర్ (షేడ్ కోసం కలిపే గాఢమైన రంగు) 0.3 గ్రాములని ఉన్నప్పుడు, తక్కెడ 0.1 గ్రాము తేడా చూపిస్తే ఆ టింటర్ మూడో వంతు తప్పుతుంది. ఎక్కువ కలిపితే ఆ తప్పు కరిగిపోతుంది. ఇంకో మాట. పాత పసుపు, నారింజ రంగుల్లో సీసం ఉన్న పిగ్మెంట్లు (రంగు పొడులు) వాడేవారు. వాటి బదులు ఇప్పుడు వేసేవాటిలో చాలావాటికి కప్పే గుణం తక్కువ, కాబట్టి పొరలు ఎక్కువ పడతాయి, కింది ప్రైమర్ రంగు కూడా పైకి తెలుస్తుంది. ఆ సీసం వల్లే పాత పెయింట్‌ని పొడిగా గీకకూడదు, నీళ్లతో తడుపుతూ, మాస్కు పెట్టుకుని రుద్దాలి.

డబ్బా తెరవగానే కారు మీద అద్దకండి. నలుపు తెలుపు గళ్లున్న టెస్ట్ కార్డు మీద, గళ్లు కనబడకుండా పోయేదాకా పొరలు వేయండి. క్లియర్ ఉన్న కారైతే కార్డుకీ క్లియర్ వేయాలి. పూర్తిగా ఆరాకే పోల్చండి, సాల్వెంట్ పెయింట్లు చాలావరకు ఆరితే కాస్త ముదురుతాయి. కార్డుని రేకుకి ఆనించి, అదే వాలులో పట్టుకుని ఎదురుగా ఒకసారి, పక్కనుంచి ఒకసారి చూడండి. నీడపట్టున పగటి వెలుతురులో, నేరు ఎండలో, ట్యూబ్‌లైట్ కింద మూడుచోట్లా చూడాలి. ఎండలో కలిసి లైటు కింద విడిపోతే, కలిపిన పిగ్మెంట్లు వేరని అర్థం. అలాంటిదాన్ని ఇంకో చుక్క వేసి సరిచేయలేం, వేరే టింటర్లతో మళ్లీ కలిపించాల్సిందే.

మెటాలిక్‌కి కుంచె శత్రువు. స్ప్రేలో అల్యూమినియం రేణువులు చదునుగా పడుకుంటాయి, కుంచెతో అద్దితే అడ్డదిడ్డంగా నిలబడి ముదురుగా కనబడతాయి. ఫార్ములా తప్పు కాదది. బియ్యపుగింజ కంటే పెద్ద పెచ్చుకి మెటాలిక్ అద్దకండి, స్ప్రే చేసి క్లియర్‌ని ఆ ప్యానెల్ అంచుదాకా లాగించండి. టూ-కే స్ప్రే చేసేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు చాలదు, హార్డెనర్‌లో ఉండే ఐసోసయనేట్లనే రసాయనాలు ఊపిరితిత్తులకి ప్రమాదం. బయటి గాలి అందించే మాస్కు ఉన్న స్ప్రే బూత్‌లోనే చేయించాలి.

చిన్న పెచ్చయితే వదులైన అంచులు గోకేసి, తుప్పు ఉంటే మెరిసే రేకు కనబడేదాకా తీసి, వ్యాక్స్ రిమూవర్‌తో తుడవండి. సిలికాన్ మిగిలితే పెయింట్ వెనక్కి జరిగి ఫిష్ ఐ గుంటలు పడతాయి. ఎపాక్సీ ప్రైమర్ రేకు కనబడే చోటే, గుంటలోపలే. పెయింట్ కొద్దిగా పల్చన చేసి, సన్న కుంచె మొనతో గుంట మధ్యలో ఒక చుక్క పెడితే అదే అంచులకి పాకుతుంది. పొరకి పొరకి అరగంట విడిచి, చుట్టూ ఉన్న పెయింట్ కంటే వెంట్రుకవాసి ఎత్తు వచ్చేదాకా వేయండి. లాకర్ అయితే ఒక రోజు, ఎనామెల్ అయితే వారం పైన ఆరనివ్వాలి. తర్వాత రబ్బరు ముక్కకి 2000 నంబర్ వాటర్ పేపర్ చుట్టి, సబ్బునీళ్లతో ఆ ఎత్తు మాత్రమే తీసి, 3000తో గీతలు పోగొట్టి కాంపౌండ్ రుద్దండి. పాత పెయింట్ అంచుల దగ్గర పల్చగా ఉంటుంది, అక్కడ ఎక్కువ రుద్దితే ప్రైమర్ బయటపడుతుంది.

మిగిలిన పెయింట్‌ని, హార్డెనర్ కలపనిదాన్ని, అంచుదాకా నిండే చిన్న గాజు సీసాల్లో పోసి చీకట్లో పెట్టండి. మూత మీద ఫార్ములా, తేదీ, వాడిన థిన్నర్ పేరు రాసి, టెస్ట్ కార్డు ముక్క ఒకటి అంటించండి.