చేయి వాచితే గట్టిగా పిసకొద్దమ్మా

అనంతపురంలో ఫిజియోథెరపీ చేయిస్తుంటాను. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్లో చంకలో బిళ్లలు (లింఫ్ గ్రంథులు) తీయించుకున్న ఆడవాళ్లు చాలామంది చేయి బాగా వాచాకే వస్తారు. అప్పటికే ఇంట్లో అక్కో అత్తో ఆముదం పట్టించి, నీరు దిగాలని బలంగా పిసికుంటారు. ప్రేమతోనే చేస్తారు గానీ, ఆ వాపు అట్ల దిగేది కాదు.

రక్తనాళాల్లోంచి కండలోకి ఊరిన నీటిని లింఫ్ నాళాలు పట్టుకుని, బిళ్లల్లో వడగట్టి, మెడ కింది పెద్ద సిరల్లో కలుపుతాయి. రోజుకు సుమారు 3 లీటర్లు. దీనికి గుండెలాంటి పంపు లేదు. నాళాలు వాటంతటవే కొంత ముడుచుకుంటాయి, మిగతాది మన కదలికా, ఊపిరీ నెట్టాల్సిందే. చంకలో బిళ్లలు పోతే చేతి నీటికి పెద్దదారి మూసుకుపోయినట్టే.

గాయం మానాక, డాక్టరు సరేనన్నాకే వ్యాయామం, మర్దన మొదలుపెట్టండి. పడుకుని, పొట్ట పైకి లేచేలా నిదానంగా ఐదారుసార్లు ఊపిరి తీయండి. చేతిని దిండ్ల మీద ఎత్తిపెట్టి పిడికిలి 10, 15 సార్లు ముడిచి తెరవండి, మోచేయి వంచి చాపండి. తర్వాతే మర్దన: చర్మం మాత్రం కదలాలి, కండ నొక్కుకోకూడదు. ముందు మెడ పక్కలు, ఆపరేషన్ కాని వైపు చంక, ఆపైన ఛాతీ మీదుగా ఆ చంక వైపుకి. చేతిలో కూడా ముందు భుజం దగ్గర, చివరికి మణికట్టు. పైన ఖాళీ అయితేనే కిందిది ఎక్కడానికి చోటుంటుంది. ఒక్కసారైనా తెలిసినవాళ్ల దగ్గర చూసి నేర్చుకోండి, రాసింది చదివితే చేతికి రాదు.

వాచిన చేతికి వేసే బిగుతు తొడుగు (కంప్రెషన్ స్లీవ్) ఉదయం లేవగానే వేసుకుని, పడుకునేటప్పుడు తీయాలి. మే నెల ఎండల్లో దాన్ని వేసుకోమంటే నన్ను తిట్టుకుంటారు, తెలుసు. కానీ వేడికే వాపు ఎక్కువవుతుంది. తొడుగు వేశాక వేళ్లు ఉబ్బితే సైజు తప్పు, మార్పించుకోండి.

చెనిక్కాయలు పీకేటప్పుడు, కంప కొట్టేటప్పుడు గ్లౌజులు వేసుకోండి. ఆ చేతికి బిగుతు గాజులు, బిగుతు రవిక చేతులు వద్దు. వారానికోసారి రెండు చేతులూ ఒకే చోట టేపుతో కొలవండి. తేడా 2 సెంటీమీటర్లు దాటితే చూపించుకోండి.

చేయి ఎర్రబడి, కాలుతూ, జ్వరం వస్తే మర్దనా, తొడుగూ రెండూ ఆపేయండి. అది ఇన్ఫెక్షన్, యాంటీబయాటిక్ కావాలి. ఆదివారమని సోమవారం దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి పోండి.