ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించే ముందు

బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి పారిశ్రామికవాడల్లో యంత్రాలు తయారుచేసేవారు కంట్రోల్ ప్యానెల్ కోసం ప్రత్యేకంగా ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించేటప్పుడు, నడుస్తున్నప్పటి లోడును మాత్రమే కూడి వీఏ (వోల్ట్-ఆంపియర్లలో ట్రాన్స్‌ఫార్మర్ సామర్థ్యం) చెప్పడం సరిపోదు. కాంటాక్టర్ (మోటారు వంటి లోడును ఆన్, ఆఫ్ చేసే విద్యుదయస్కాంత స్విచ్) కాయిల్ పట్టుకునే క్షణంలో, పట్టుకున్నాక తీసుకునే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. అప్పుడు సెకండరీ (అవుట్‌పుట్ వైపు) వోల్టేజి ఉండాల్సిన దానిలో 85 శాతం కంటే తక్కువకు పడిపోతే కాంటాక్టర్ సరిగా పట్టక కొట్టుకుంటూ ఉండి, కాంటాక్టులు కాలిపోయే ప్రమాదం ఉంది. అందువల్ల ఒకేసారి పట్టుకునే కాయిళ్లన్నింటి ఇన్‌రష్ వీఏను (పట్టుకునే క్షణంలో లాగే వీఏను), అప్పటికే ఆన్‌లో ఉన్న లోడును వైండింగ్ చేసేవారికి విడివిడిగా రాసి ఇవ్వండి. మే నెలలో మూసిన ప్యానెల్ లోపలి వేడి బయటి ఎండను మించిపోతుంది కనుక, 155 డిగ్రీలు తట్టుకునే ఎఫ్ క్లాస్ ఇన్సులేషన్ అడగడం నా దృష్టిలో ఎంతమాత్రం దండగ కాదు. విదేశీ నమూనా చూసి చేయిస్తున్నట్లయితే, మన సరఫరా ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ అని తప్పక రాయండి.